ఊదారంగు సూక్ష్మజీవి తన ఖర్చును అదుపులో నుంచుకొను విధము



గడచిన వేసవిలో మన సభ్యులలో నొకరు పెద్ద డబ్బా నొకదానిని పట్టించుకొని నాయొద్దకు వచ్చిరి. చెరువు నీటిని బాగుచేయునని విని వారొక దుకాణమున ఎఱ్ఱని ద్రావకమును కొని, దానిని వృద్ధిచేయదలచి బెల్లపు నీటితో కలిపి పీపాలో పోసి, గాలి పంపును అమర్చి నాలుగు దినములుంచిరి. నీరు చిక్కబడినది గాని ఎఱ్ఱదనము మాత్రము విఱిగి తెల్లవాఱినది. “అయ్యా, రంగునీళ్లమ్మి నన్ను నిలువున ముంచినారు. సంఘము తరఫున ఫిర్యాదు వ్రాయించవలెను” అని వారు మిక్కిలి నొచ్చుకొని చెప్పిరి. వారు పెట్టిన సొమ్ము చిన్నది కాదు. వారి కోపమును అకారణమైనది కాదు.

నేను వారిని పది దినములు ఓర్చుకొనుడని వేడి, ఆ తెల్లవాఱిన ద్రావకమును తెల్లని గాజు సీసాలో మెడవఱకు నింపి, గాలి చొఱకుండ మూతబిగించి, ఎండ తగులు కిటికీలో నుంచితిని. వారము తిరుగకమునుపే సీసా అడుగున గులాబిచాయ పొడసూపెను. పదియవ దినమునకు సీసా యంతయు ఎఱ్ఱబడెను. సభ్యుడు దానిని చూచి, ఫిర్యాదు కాగితమును తన చేతులతోనే చింపివేసెను. దుకాణదారు మోసము చేయలేదు. గాలి పంపు పెట్టుటయే పొరపాటు.

అయితే ఆ రంగు ఎటుపోయెను? తిరిగి ఎట్లు వచ్చెను? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము. జవాబు కొంత లోతైనదే గాని, సంఘపు జమాఖర్చులు తెలిసినవారికి కష్టమైనది కాదు.

ఈ జీవులెట్టివి?

చెరువుల అడుగునను, వరిమళ్ల బురదలోను, ఆకులు కుళ్లు నీటిగుంటలలోను వెలుతురు నాహారముగా వాడుకొను సూక్ష్మజీవులు కొన్ని కలవు. జాతినిబట్టియు, స్థితినిబట్టియు ఇవి గోధుమ, ఎఱుపు, ఊదా రంగులలో నగపడును. వీనినే ఊదా సూక్ష్మజీవు లందురు. జర్మనీ దేశపు ఎంగెల్మన్ పండితుడు 1883లో ఇవి వెలుతురును వెదకికొని పోవుటను గూర్చి వ్రాసెను. మోలిష్ అను నతడు 1907లో ఇవి మొక్కలవలె ఆమ్లజనిని విడువవని నిరూపించెను. 1931లో వాన్ నీల్ అను శాస్త్రజ్ఞుడు దీని కారణమును విశదపఱచెను. మొక్క నీటిని విడదీసి ఆమ్లజనిని బయటికి వదలును. ఈ జీవులో నీటిని విడదీయవు. కుళ్లినవస్తువులనుండి పుట్టు పులుసులను, ఉదజనిని, కొన్ని జాతులు కుళ్లుగ్రుడ్డు వాసనగల గంధకపు వాయువును వాడుకొనును. వీనిలో కొన్ని గాలిలోని నత్రజనిని సయితము పట్టగలవని 1949లో తెలిసినది.

ఈ తెగలో మిక్కిలి శ్రద్ధతో పరిశోధింపబడినది రోడోబాక్టర్ కాప్సులేటస్ అనునది. దుకాణములలో అమ్ము ద్రావకములలో దీని దాయాదులైన వేఱు జాతులుండవచ్చును. ఇకముందు చెప్పబోవు లెక్కలు మాత్రము కాప్సులేటసునకు చెందినవి.

దీనికి రెండు జీవనోపాయములు కలవు. ఆమ్లజని సమృద్ధిగా నున్నప్పుడు మనవలెనే శ్వాసించి బలమును పొందును. ఆమ్లజని లేనప్పుడు వెలుతురుతో బ్రదుకును. వర్షము పడినప్పుడు చెరువు క్రిందను, ఎండినప్పుడు బావి క్రిందను సేద్యము చేయు రైతువలె, ఏది అందిన దానిని వాడుకొనును.

గాలిలో యంత్రమును కట్టకుండుటకు కారణములు

వెలుతురును పట్టుటకు ప్రత్యేకమైన యంత్రము కావలెను. దానిని కట్టుటకు మాంసకృత్తులును, పత్రహరితమును బోలిన రంగుపదార్థమును చాలఖర్చగును. ఆమ్లజని యుండి శ్వాసచేతనే పని జరుగునప్పుడు ఆ ఖర్చు వృథా. అంతియే కాదు. ఆ రంగుపదార్థము, వెలుతురు, ఆమ్లజని యను మూడును ఒక్కచోట కూడినచో ఆమ్లజని ఉద్రేకము చెంది, కణములోని పొరలను మాంసకృత్తులను దగ్ధముచేయు గుణమును పొందును. కావున గాలి సమృద్ధిగా నున్నచోట ఈ జీవి రంగును తయారుచేయుట మానును. పిల్లకణములు పుట్టినకొలది పాతరంగు పంచుకొనబడి పలుచనగును. సభ్యుని పీపాలో జరిగిన దిదియే. గాలితోడి బెల్లపు నీటిలో ఇతర సూక్ష్మజీవులును పెరిగి నీటిని మఱింత తెలుపు చేసియుండును.

ఒక గానుగకు పదునైదు బండ్లు

యంత్రములో ముఖ్యమైన భాగములు రెండు. మొదటిది కేంద్రము: వెలుతురు బలమును ప్రాణికి ఉపయోగపడు విద్యుద్బలముగా మార్చునది ఇదియే. రెండవది దానిచుట్టు వలయముగా నుండు వల: ఇది వెలుతురును పట్టి కేంద్రమునకు అందించును. కేంద్రము నిర్మాణమును ఆకారముతో సహా కనిపెట్టినందుకు డైజెన్‌హోఫర్, హూబర్, మిషెల్ అను మువ్వురికి 1988లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చినది. వారు పరిశోధించినదియు నొక ఊదా సూక్ష్మజీవియే.

చెఱకు గానుగ యొకటి యున్నదనుకొనుడు. దానికి చెఱకు తోలు బండ్లు పది పదునైదు కావలెను. బండికొక గానుగ కొన్నవాడు దివాలా తీయును. గానుగకొక్క బండి పెట్టినవాని గానుగ ఖాళీగా తిరుగును. అట్లే కాప్సులేటసులో ఒక్కొక్క కేంద్రమునకు వల జతలు సుమారు 15 వంతున అమరును. ఈ నిష్పత్తిని ఆ జీవి ఎట్లు కుదుర్చుకొనుచున్నదను నదియే శాస్త్రజ్ఞులను ఆకర్షించిన విషయము.

ఎందుకన, కేంద్రమునకును వలకును కావలసిన ఆజ్ఞలు వేఱువేఱు కాగితములమీద లేవు. ఒక్క కాగితముమీదనే యున్నవి.

మూలదస్తావేజు, నకలు చీటీ

ప్రతి ప్రాణియొక్క కణములోను డి.ఎన్.ఏ. అను మూలదస్తావేజు కలదు. అందు ఏ మాంసకృత్తు నెట్లు కూర్చవలెనో వ్రాయబడియుండును. ఒక్కొక్క మాంసకృత్తునకు సంబంధించిన భాగమును జన్యువందురు. మూలదస్తావేజును పనివాండ్రకు నేరుగ నియ్యరు. అవసరమైన భాగమునకు నకలు తీసి పంపుదురు. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. చీటీ. ఇట్టి వార్తాహర చీటీ యున్నదని 1961లో రుజువైనది. కణములోని పనివాండ్రు చీటీని చదివి మాంసకృత్తులను కూర్తురు. ఒక్క చీటీని పలుమార్లు చదువవచ్చును. కాని అది శాశ్వతము కాదు. కొన్ని నిమిషములలో చింపివేయబడును. ఎంతకాలము బ్రదికిన చీటీ అంత ఎక్కువ సరుకును పుట్టించును.

కాప్సులేటసులో పఫ్ అను జన్యువుల వరుస కలదు. అందు క్యూ, బి, ఏ, ఎల్, ఎం, ఎక్స్ అని ఆఱు జన్యువులు ఒకదాని వెనుక నొకటి యున్నవి. బి, ఏ అనునవి వలకు సంబంధించినవి. ఎల్, ఎం అనునవి కేంద్రమునకు సంబంధించినవి. కేంద్రములోని మూడవ భాగము మఱియొకచోట వ్రాయబడియున్నది. ఈ ఆఱింటికిని కలిపి యొక్కటే నకలు తీయబడును. మొదటిదైన క్యూ భాగము త్వరగా వేఱుపడి పోవును. బి మొదలు ఎక్స్ వఱకు సుమారు 2,700 అక్షరముల చీటీ మిగులును.

ఇప్పుడు చిక్కు గమనింపుడు. చీటీలో వలకు ఒక ఆజ్ఞ, కేంద్రమునకు ఒక ఆజ్ఞ యున్నవి. రెండును సమానముగా చదువబడినచో బండియొకటి, గానుగయొకటి తయారగును. పదునైదు ఎట్లు వచ్చును?

ఎనిమిది నిమిషములు, ముప్పదిమూడు నిమిషములు

1985లో బెలాస్కో, బీటీ, కోహెన్ మొదలగువారు ఈ చీటీల ఆయుర్దాయమును కొలిచిరి. అప్పుడొక వింత బయటపడెను. 2,700 అక్షరముల పూర్తి చీటీలలో సగము నశించుటకు సుమారు 8 నిమిషములే పట్టుచున్నది. కాని దానితోపాటు బి, ఏ మాత్రమే గల 500 అక్షరముల చిన్నచీటీ యొకటి కనబడినది. దీనిలో సగము నశించుటకు సుమారు 33 నిమిషములు పట్టుచున్నది. అనగా కణము పెద్దచీటీని చింపునప్పుడు అంతటిని చింపదు. కేంద్రము ఆజ్ఞ యున్న వెనుకభాగమును ముందు చింపి, వల ఆజ్ఞ యున్న ముందుభాగమును దాచిపెట్టును.

దీని ఫలితమును లెక్కవేసి చూతము. రెండు విధముల చీటీలును 80 చొప్పున ఉన్నవనుకొనుడు. పెద్దచీటీలు 8 నిమిషములకు 40, 16 నిమిషములకు 20, 24 నిమిషములకు 10, 32 నిమిషములకు 5 అగును. ఆ సమయమునకు చిన్నచీటీలు ఇంకను 40కి పైగా నుండును. ఐదెక్కడ, నలుబదియెక్కడ! ఇది మన సౌకర్యమునకై వేసిన లెక్క. నిజముగా కణములో క్రొత్తచీటీలు ఎప్పటికప్పుడు వచ్చుచునే యుండును. మఱియు ఒక్కొక్క ఆజ్ఞ ఎన్నిమార్లు చదువబడుననునదియు నిష్పత్తిలో చేరును. అయినను వలకు ఎక్కువ, కేంద్రమునకు తక్కువ సరుకు తయారగుటకు చీటీ ఆయుర్దాయములోని యీ భేదము ముఖ్యకారణము.

కత్తెరయు, తోకముడియు

చింపువా రెవరు? కాపాడున దేది?

చింపువారు రెండు తెగలు. ఒక తెగ చీటీని నడుమ కత్తిరించును. వీనిలో ప్రధానమైనది ఆర్‌ఎన్‌ఏజ్-ఇ అను ఎంజైము. రెండవ తెగ చీటీ తోకనుండి అక్షరము వెంట అక్షరము కొఱుకుచు ముందునకు వచ్చును. చెదలు కాగితము అంచునుండి తినినట్లు.

కత్తెర ముందుగా పడునది ఎల్, ఎం భాగములలో. అక్కడ తెగినవెంటనే కేంద్రము ఆజ్ఞ చెడును. తెగిన చివరనుండి చెదలవంటి ఎంజైములు బి, ఏ వైపునకు కొఱుకుచు వచ్చును. కాని ఏ భాగము ముగిసి ఎల్ భాగము మొదలగుటకు నడుమ చీటీ తనమీద తానే మడతపడి గట్టిముడిగా నుండును. కొఱుకువారు అచ్చటికి వచ్చి ఆగిపోవుదురు. ముడికి ముందున్న బి, ఏ ఆజ్ఞలు భద్రముగా నిలుచును. పగ్గము చివర పురి విడకుండ మనము వేయు ముడి యెట్టిదో ఇదియు నట్టిదే.

ఇది ఊహ కాదు. 1987లో క్లూగ్, కోహెన్ మొదలగువారు ఆ ముడిభాగమును డి.ఎన్.ఏ.లోనుండి తీసివేసి చూచిరి. బి, ఏ చీటీ ఆయువు తగ్గెను. కేంద్రమునకు వలకు గల నిష్పత్తి చెడెను. వెలుతురులో ఆ జీవి పెరుగుదలయు మందగించెను. ముడి ఒక్కటియే చాలునా యనునది 1988లో పరీక్షింపబడినది. ముడి ఆవశ్యకమే గాని చాలదని తేలినది. చీటీ నడుమ కత్తెర పడు చోటులున్నంతకాలము తోకను ఎంత గట్టిగా ముడివేసినను ప్రయోజనము లేదు. బి, ఏ భాగము నిలుచుటకు తోకన ముడి, నడుమ కత్తెరకు చోటు లేకుండుట, రెండును కావలెను.

గాలి వచ్చినప్పుడు

ఇప్పుడు పీపాలోని గాలి పంపు సంగతికి వత్తము.

ఆమ్లజని వచ్చినప్పుడు కణము రెండుచోట్ల జాగ్రత్తపడును. మొదటిది నకలు తీయుచోటు. రెగ్-బి అను మాంసకృత్తు ఆమ్లజని స్థితిని పసిగట్టును. ఆమ్లజని తగ్గినప్పుడది రెగ్-ఏ అను దానికి తెలుపగా, రెగ్-ఏ పఫ్ మొదలైన జన్యువుల నకళ్లను పెంచును. ఆమ్లజని పెరిగినప్పుడు ఈ ప్రోద్బలము తగ్గిపోవును.

కాని క్రొత్తచీటీలు ఆపినంత మాత్రమున పని ఆగదు. అప్పటికే పంచబడిన చీటీలు బయట నున్నవి. వానిని ఎవరు తిరిగి తీసికొందురు? ఈ ప్రశ్నకు క్లూగ్ పండితురాలు 1991లో ప్రకటించిన పరిశోధన జవాబిచ్చినది. ఆమ్లజని ఎక్కువగా నున్నప్పుడు కేంద్రము ఆజ్ఞ గల చీటీభాగము మామూలుకంటె త్వరగా చింపబడుచున్నది. బి, ఏ చిన్నచీటీకి ఈ తొందర లేదు. సంఘములో ఒక పని నిలుపవలెనన్నచో క్రొత్త ఆర్డర్లు వ్రాయకుండుట యొకటి, వ్రాసి పంపిన ఆర్డర్లను రద్దుచేయుట మఱియొకటి. ఆ రెండవపని చేయనిచో వద్దన్న సరుకు వారము దినములు వచ్చుచునే యుండును. ఈ జీవి రెండును చేయుచున్నది.

చీటీలను కాయు చిన్నచీటీలు

2012లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయమువారు మఱియొక విశేషమును ప్రకటించిరి. కాప్సులేటసునకు సోదరజాతియైన రోడోబాక్టర్ స్ఫీరాయిడిస్‌లో పి.సి.ఆర్.-జెడ్ అను చిన్న ఆర్.ఎన్.ఏ. కలదు. అది మాంసకృత్తునకు ఆజ్ఞ కాదు. ఆమ్లజని తగ్గినప్పుడు యంత్రపు చీటీలతోపాటే అదియు పుట్టును. పుట్టి యంత్రపు చీటీలలో కొన్నిటికి అంటుకొని వాని నణచును. బండిని ముందునకు తోలునప్పుడే పగ్గమును చేత నుంచుకొను తోలరివంటిది.

2018లో పి.సి.ఆర్.-ఎక్స్ అను మఱియొకటి తెలిసినది. ఇది పఫ్ చీటీ తోకనుండియే ఆర్‌ఎన్‌ఏజ్-ఇ కత్తిరించి వేఱుచేసిన ముక్క. అది తిరిగి పఫ్ చీటీమీదనే పనిచేసి దానిని తగ్గించును. చింపిన కాగితపు తోకముక్కయే తనిఖీదారైనదన్నమాట. 2021లో పఫ్-ఎల్ భాగమునకు ఎదురుగా వ్రాయబడు మఱియొక ఆర్.ఎన్.ఏ. కూడ తెలిసినది. అది చీటీతో జతగూడగా, జంట ఆర్.ఎన్.ఏ.లను కత్తిరించు వేఱొక ఎంజైము వచ్చి చీటీని నాశనము చేయును.

కావున మూలదస్తావేజును గాని, నకలు తీయు గుమాస్తాను గాని చూచినంత మాత్రమున ఈ జీవి నడవడి తెలియదు. నకలు ఎక్కడ తెగును, ఎచ్చట నిలుచును, ఎంతసేపు బ్రదుకును అని కూడ చూడవలెను.

సభ్యులు గమనింపవలసిన విషయములు

1. రంగు పోయినంతమాత్రమున సరుకు నకిలీ యని నిందింపరాదు. రంగున్నంతమాత్రమున అసలైనదనియు నమ్మరాదు. ఎఱ్ఱరంగు బజారులో చవుకగా దొరకును. అమ్మినవారు చెప్పిన ఆహారపు ద్రావకము తొమ్మిదిపాళ్లకు ఈ సరుకు ఒకపాలు కలిపి తెల్లసీసాలో నింపి ఎండ వెలుతురులో నుంచుడు. ప్రాణమున్న సరుకైనచో దినదినమునకు రంగు చిక్కబడును. ఉత్త రంగునీరు చిక్కబడదు.

2. వృద్ధిచేయగోరువారు వెలుతురు సోకు పాత్రను మెడవఱకు నింపవలెను. గాలి పంపును పెట్టరాదు. దినమున కొకమాఱు మూతను వదులుచేసి లోపలి వాయువును పోనిచ్చి మరల బిగింపవలెను. నీరు కాగునంత తీవ్రమైన ఎండలో నుంచరాదు.

3. చేపల, రొయ్యల చెరువులలో ఈ జీవికొఱకై గాలిచక్రములను ఆపరాదు. చేపకు ఆమ్లజనియే ప్రాణము. గాలి బాగుగా నున్న పైనీటిలో ఈ జీవి వెలుతురు యంత్రమును కట్టదు, శ్వాసతో బ్రదుకును. దానికి అనువైనచోటు ఆమ్లజని తక్కువైనను వెలుతురందు చోటు.

4. ఎంత ప్రయోజనము కలిగినదని తెలిసికొనుటకు ఇరుగుపొరుగు మాటలకంటె మీ మడియే సాక్షి. ఒకేరకపు మళ్లు రెండు తీసికొని ఒకదానిలో వాడి, ఒకదానిలో వాడక, మిగిలిన సేద్యమంతయు సమానముగా జరిపి, దిగుబడిని తూచి చూడవలెను. తూచిన లెక్కను సంఘమునకు తెలుపవలెను.

5. ద్రావకమును తాకిన చేతులను సబ్బుతో కడుగవలెను. త్రాగునీటి కుండల దగ్గఱ దానిని ఉంచరాదు.

పైన చెప్పిన సభ్యుని యనుమతితో ఆ ఎఱ్ఱసీసాను, దానిప్రక్కనే గాలిపంపు పెట్టిన తెల్లసీసాను సంఘ కార్యాలయపు కిటికీలో నుంచితిని. రెండును ఒక్క డబ్బాలోని సరుకే. ఎరువులకై వచ్చు సభ్యులు ఒక నిమిషము నిలిచి చూడగోరెదను. అనుమానమున్న సరుకును కొన్నవారు తగాదాకు దిగకముందు ఒక సీసాడు నాయొద్దకు తెచ్చినచో, పది దినములలో పరీక్షించి ఫలితము చెప్పెదను.